ఆయనకు మిగిలిన ఒక్క మాట

మా ఆయన మాటల మనిషి. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పొద్దుటి ప్యాసింజర్లో ఎవరిని అడిగినా ఈ సంగతే చెబుతారు. రేపల్లెలో కాలవల ఆఫీసులో ఆయన ఉద్యోగం. బండి వేమూరు దాటేలోపు పెట్టెలో సగం మందితో బాబాయ్, పిన్నీ అంటూ వరసలు కలిసిపోయేవి. ఆదివారం చర్చిలో ప్రార్థన చెయ్యమంటే ఇక చెప్పనక్కర్లేదు. వేళకు పడ్డ వానకూ, కాలవకు వదిలిన నీళ్లకూ, పక్కింటి గేదె సుఖంగా ఈనినందుకూ విడివిడిగా దేవుడికి స్తోత్రం చెప్పేవారు. మా క్రైస్తవుల ఇళ్లలో స్తోత్రమంటే దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత. ఆయన ప్రార్థన ముగిసేసరికి చాపల మీద పిల్లలు నిద్రపోయేవాళ్లు.

"దేవుడికి తెలీనివి ఏమైనా ఉంటే చెప్పండి. తెలిసినవన్నీ ఎందుకూ?" అని ఇంటికొచ్చాక విసుక్కునేదాన్ని.

"చెప్పడం నాకిష్టం, వినడం ఆయనకిష్టం. మధ్యలో నీకేంటి?" అనేవారు.

నేను బాపట్ల అవతల ఒక చిన్న బడిలో టీచర్ని. పొద్దున్నే ఆయన ఒక రైలు, నేను ఇంకో రైలు. సాయంత్రానికి ఇద్దరం తెనాలి చేరేవాళ్లం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి అప్పటికి టీ పెట్టి ఉంచేది. మాది అలాంటి ఇల్లు. దాని గురించి ఎవరూ కథలు చెప్పుకోరు.

ఒక రోజు అందరికీ సెలవు. ఆయన ఇడ్లీ తింటున్నారు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏంటండీ, పచ్చడి బాలేదా?" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. నోరు ఒక పక్కకు జారింది. ఎవరినైనా అనుకరించి నవ్వించడం ఆయనకు అలవాటు. ఇదీ అలాంటిదే అనుకుని, "చాల్లెండి వేషాలు" అన్నాను. మా అమ్మాయి మాత్రం కుర్చీ తోసుకుని లేచింది. "అమ్మా, వేషం కాదు. నాన్న చెయ్యి చూడు!"

ఆటోలో తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లాం. వాళ్లు చూసి గుంటూరు పంపారు. తలలో రక్తనాళం పూడుకుపోయిందన్నారు. ప్రాణం నిలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

"మీరు చెప్పేది ఆయనకు అర్థమవుతుందమ్మా," అన్నాడు డాక్టరు. "చెప్పాలనుకున్నదాన్ని బయటికి తెచ్చే చోట దెబ్బ తగిలింది."

"మళ్లీ మాట వస్తుందాండి?"

"కొందరికి వస్తుంది. కొందరికి ఒకటో రెండో మాటలే మిగులుతాయి. ఏది చెప్పబోయినా అవే వస్తాయి. చూద్దాం."

వార్డులోకి మార్చాక, ఒక ఉదయం నర్సు సూది మందు ఇవ్వడానికొచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని నోరు తెరిచారు. గొంతులో ఏదో పెనుగులాడింది. తర్వాత స్పష్టంగా, పాత గొంతుతోనే అన్నారు: "స్తోత్రం."

నేను మంచం మీదికి వంగి ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా అమ్మాయి నన్ను వాటేసుకుని ఏడ్చింది. చూడటానికొచ్చిన చర్చివాళ్లు వరండాలో మోకాళ్లూనారు. మా పాస్టరుగారి కళ్లు కూడా చెమర్చాయి. "చూశావామ్మా, అన్ని మాటలూ పోయినా దేవుడు ఏ మాట మిగిల్చాడో!" అన్నారు. ఆ పూట నాకూ అలాగే అనిపించింది. ఇంత విశ్వాసం ఉన్న మనిషికి భార్యనైనందుకు గర్వపడ్డాను కూడా.

ఇంటికొచ్చాక తెలిసింది, ఆ మాట ఎలాంటిదో.

మంచినీళ్లు కావాలంటే స్తోత్రం. ఫ్యాను ఆపమంటే స్తోత్రం. బాత్రూముకు తీసుకెళ్లమంటే అదే మాట. నేను అర్థం చేసుకోలేక దుప్పటి కప్పితే అదే మాట గట్టిగా. ఈలోగా పక్క తడిసిపోయేది. అప్పుడాయన ఎడమ చేత్తో నుదురు కొట్టుకుంటూ, "స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం" అనేవారు. ఒకసారి అన్నం గిన్నెను గోడకేసి కొట్టి, నా మొహంలోకి చూస్తూ పళ్ల మధ్య నుంచి ఆ మాటే విసిరారు. బూతు తిట్టినా అంత బాధపడి ఉండేదాన్ని కాదు.

రేపల్లె నుంచి మా వదిన వచ్చింది. ఆయనకు అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను బడికి వెళ్లగలిగాను. తమ్ముడు ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ, "ఆఁ, సరేలేరా, ఏం కావాలో చెప్పు," అంటూ ఒక్కో వస్తువూ చూపించేది. చెంబు, దిండు, దుప్పటి. ఓపిగ్గా ఇల్లంతా చూపించేది.

ఆ రోజుల్లోనే పాస్టరుగారు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడదామన్నారు. దేవుడు ప్రాణం కాపాడాడు కదా, నలుగురూ వచ్చి స్తుతించాలన్నారు. కాదనడానికి నోరు రాలేదు. ఇంటి ముందు కుర్చీలు వేశారు. ఆయనకు తెల్ల చొక్కా తొడిగి మధ్యలో కూర్చోబెట్టాం. పాటలు అయ్యాయి. పాస్టరుగారు బైబిలు వాక్యం చెప్పారు. తర్వాత మైకు తీసుకొచ్చి ఆయన నోటి దగ్గర పెట్టారు.

"అన్నయ్యగారూ, దేవుడు మీకిచ్చిన ఆ ఒక్క మాటా ఈ బిడ్డలకు వినిపించండి."

ఆయన ఏదో చెప్పబోయారు. పెదాలు వేరే ఆకారానికి తిరిగాయి. నేను దగ్గరే ఉన్నాను, చూశాను. కానీ బయటికొచ్చింది మాత్రం, "స్తోత్రం."

"హల్లెలూయ!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంకొక్కసారి అన్నయ్యగారూ!"

ఆయన తల అడ్డంగా ఊపారు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆనందబాష్పాలని ఎవరో అన్నారు. అవి ఆనందబాష్పాలు కావు. పాతికేళ్లుగా నేనెరిగిన ముఖం అది. పదిమందిలో బట్టలూడదీసిన మనిషి ముఖంలా ఉంది.

లేచి మైకు పక్కకు తోశాను. "ఆపండయ్యగారూ. ఆయన స్తోత్రం చెప్పట్లేదు. ఆయన ఏం చెబుతున్నారో నాకు తెలీదు, మీకూ తెలీదు. దయచేసి అందరూ వెళ్లండి."

చప్పట్లు ఆగిపోయాయి. కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వండిన పులిహోర గిన్నెలో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు. పై ఆదివారమూ వెళ్లలేదు. నేను ఎదురుపడితే కొందరు తల దించుకుని పోయేవాళ్లు. కష్టాల్లో విశ్వాసం తప్పిందని అనుకున్నారట. వాళ్లన్నదాంట్లో అబద్ధమేం లేదు. అప్పటికే నేను ప్రార్థన మానేశాను. కళ్లు మూసుకుంటే మొదట వచ్చే మాట అదే కదా. అది నా నోటికి రావడం లేదు.

వదిన కోడలికి నెలలు నిండాయి. ఆవిడ రేపల్లె వెళ్లక తప్పలేదు. వెళుతూ గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని, "నేనేం చెయ్యనే అమ్మాయ్, రెండు చోట్లా నేనే కావాలి," అని ఏడ్చింది.

అక్కణ్ణుంచి అంతా కిందికి జారడమే. నా సెలవులు అయిపోయాయి. మా అమ్మాయి కాలేజీ మానేసి తండ్రి దగ్గర కూర్చుంది. వానలు పట్టుకున్నాయి. ఆరేసిన దుప్పట్లు ఆరేవి కావు. ఆయన నడుం కింద పుండు పడింది. పుండు కడిగేటప్పుడు ఆయన అరిచే అరుపు వీధి చివరిదాకా వినిపించేది. ఆ అరుపూ ఆ మాటే. దారినపోయే మా చర్చి ముసలమ్మ ఒకావిడ గేటు దగ్గర నిలబడి, "ఎంత భక్తి తల్లీ," అంది. నేను తలుపు వేసేశాను.

ఒక ఉదయం బడికి బయల్దేరుతుంటే మా అమ్మాయి నా సంచీ పట్టుకుని ఆపింది. జుట్టు దువ్వుకోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు బడి పేరు చెప్పి తప్పించుకుంటున్నావమ్మా. నేనెక్కడికి పోవాలి?"

"నేను ఉద్యోగం మానేస్తే ఇల్లు ఎలా నడుస్తుందే?"

"నాకు తెలీదు. ఆ మాట వింటుంటే నాకు పిచ్చెక్కుతోంది. రోజంతా అదే మాట. నాన్న నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయింది? దేవుడికి మిగల్చడానికి నా పేరు దొరకలేదా?"

నేను సంచీ విడిపించుకున్నాను. రైలు వేళైపోతోందని వెళ్లిపోయాను. పక్క గదిలో ఆయన ఇదంతా వింటున్నారని తెలుసు. అయినా వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం బాపట్ల స్టేషన్లో తెనాలి వైపు బండి వచ్చింది. నేను సంచీ భుజాన వేసుకుని లేచాను. నాతో రోజూ వచ్చే టీచరమ్మలు ఎక్కారు. "రండి మేడం, చోటుంది," అని ఒకావిడ కిటికీలోంచి పిలిచింది. నేను ఎక్కలేదు. చెప్పు తెగినట్టు నటిస్తూ కిందికి వంగాను. బండి కదిలిపోయింది.

బెంచీ మీద కూర్చున్నాను. చావాలని అనిపించలేదు. ఇల్లు చేరాలనీ అనిపించలేదు. ఇక్కడే ఇలాగే, ఎవరికీ ఏమీ కాకుండా, ప్లాట్‌ఫాం మీద పెట్టిన మూటలా ఉండిపోతే చాలనిపించింది. సముద్రం వైపు నుంచి ఉప్పగాలి వస్తోంది. ఒకామె పిల్లాడికి అరటిపండు వలిచి పెడుతోంది. ఇంకో బండి వచ్చింది. అదీ తెనాలి మీదుగానే. దాన్నీ వదిలేశాను.

అప్పుడు, చాలా కాలం తర్వాత, దేవుడితో మాట్లాడాను. ప్రార్థన అనడానికి లేదు. "నావల్ల కావడం లేదు. నీక్కూడా కాకపోతే ఆ సంగతి చెప్పు," అన్నాను. ఏ జవాబూ రాలేదు. కళ్లు తెరిచేసరికి పక్కనున్నావిడ నన్ను వింతగా చూస్తోంది.

ఫోను మోగింది. మా అమ్మాయి.

"అమ్మా, ఎక్కడున్నావు? నాన్న టీ తాగనంటున్నాడు. గుమ్మం వైపే చూస్తున్నాడు. నా మీద అలిగి వెళ్లిపోయావనుకుంటున్నాడేమో. ఇదిగో, నువ్వే చెప్పు."

ఫోను ఆయన చెవి దగ్గర పెట్టినట్టుంది. ఊపిరి వినిపించింది. తర్వాత ఆ మాట. కానీ చివర కొంచెం పైకి లేచి, ఆగింది. పెళ్లైన కొత్తలో నేను రైలు దిగడం ఆలస్యమైతే, స్టేషన్ బయట సైకిలు పట్టుకుని నిలబడి, "ఏంటే, ఇంతసేపు?" అనేవారు. అచ్చం ఆ రాగం. మాట వేరు, రాగం అదే.

"బండి తప్పిపోయిందండీ," అన్నాను. అబద్ధం. "వస్తున్నాను."

"స్తోత్రం," అన్నారు. ఈసారి కిందికి దిగింది. సరే, జాగ్రత్తగా రా అన్నట్టుంది.

స్టేషన్లో అందరూ చూస్తుండగా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇన్నాళ్లూ నేను ఆ మాటను విన్నాను. ఆయన్ని వినలేదు. ఆయన ఆ మాట లోపల ఇరుక్కుని, అందులోంచే మమ్మల్ని పిలుస్తూనే ఉన్నారు. నీళ్లడిగారు, కసిరారు, నొప్పని మొరపెట్టుకున్నారు. ఇప్పుడు నా కోసం బెంగపడుతున్నారు. నా కోసం బెంగపడే మనిషి ఒకడు నా ఇంట్లో ఉన్నాడు. అంతకు మించి నాకేమీ అర్థం కాలేదు. వాన తగ్గలేదు, పుండు మానలేదు. కానీ ఆ ఒక్కదానికి మాత్రం కృతజ్ఞత చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుందనిపించింది. దేవుడికి పైకే చెప్పాను. తర్వాతి బండి ఎక్కాను.

ఇంటికెళ్లి మా అమ్మాయితో, "నువ్వన్నది నిజమే. తప్పించుకుంటూనే ఉన్నాను," అన్నాను. అది తువ్వాలు తెచ్చి నా తల తుడిచింది. తడిసిపోయి వచ్చానని అప్పుడే తెలిసింది. పగటిపూట ఆయన్ని చూసుకోవడానికి మా వీధిలోనే ఒక మనిషిని మాట్లాడుకున్నాం. అమ్మాయి మళ్లీ కాలేజీలో చేరింది.

రాగాలు నేర్చుకోవడం మొదలుపెట్టాం. తుంచినట్టు పొట్టిగా అంటే నీళ్లు. కంగారుగా రెండుసార్లంటే బాత్రూము. ముక్కులోంచి సాగదీస్తే నొప్పి. టీవీలో వికెట్ పడినప్పుడు అనేది వేరు. మా అమ్మాయిని పిలిచేది ఇంకోలా ఉంటుందని, తన పేరులో దీర్ఘం ఎక్కడుందో అక్కడే ఆ మాటను సాగదీస్తున్నారని అదే కనిపెట్టింది. వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నాన్న నన్నే పిలుస్తున్నాడే!" అని స్టవ్ ముందు నిలబడి భోరుమంది.

ఒక ఉదయం పాస్టరుగారు ఒక్కరే వచ్చారు. చేతిలో బైబిలు లేదు. కుర్చీ అంచున కూర్చుని, "ఆ రోజు ఆయన ముఖం నేను చూడలేదమ్మా. మాటే విన్నాను. క్షమించండి," అన్నారు. తర్వాత నెయిల్ కట్టర్ అడిగి తీసుకుని, ఆయన పడిపోయిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పెరిగిన గోళ్లు ఒక్కొక్కటే తీశారు. ప్రార్థన చెయ్యలేదు. ఆ వచ్చిన ఆదివారం నేను చర్చికి వెళ్లాను. వెనకే కూర్చున్నాను.

ఇప్పటికీ రైల్లో అప్పికట్ల, నిడుబ్రోలు పొలాలు చూస్తూ దేవుడితో మాట్లాడతాను. ముందు ఫిర్యాదులు. అవి ఎప్పుడూ తక్కువ పడవు. తర్వాత కృతజ్ఞతలు, నిజమైనవి మాత్రమే. ఇవాళ ఆయన పొలమారకుండా ఇడ్లీ తిన్నారు. పుండు అంచు ఎండింది. అమ్మాయి నవ్వింది. ఆయనకు జబ్బు చేసినందుకు మాత్రం నేనింతవరకూ స్తోత్రం చెప్పలేదు. చెప్పను కూడా. అన్నిటికీ చెప్పాలని ఎవరైనా అంటే, అన్నిటి మధ్యా ఉండి చెబుతున్నాను, అన్నిటికోసమూ కాదు అంటాను. దేవుడు దానికి కోపగించుకుంటాడని నేననుకోను.

తేలికైపోయిందని చెప్పను. మధ్యలో ఒకసారి ఆయనకు ఫిట్స్ వచ్చి మళ్లీ గుంటూరు పరుగెత్తాం. ఇప్పుడు కర్ర పట్టుకుని గేటుదాకా నడుస్తారు. మాట ఇంకొకటి రాలేదు. రాదేమోనని డాక్టరు మెల్లగా చెప్పాడు.

మొన్నామధ్య రేపల్లె వెళ్లాం. వదిన పంపు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసినా సరిగ్గా అతకలేదట. మంచం దిగడం లేదు, అన్నం సరిగా తినడం లేదు అని కోడలు ఫోను చేసింది. జబ్బు చేశాక ఆయన ఆ బండి ఎక్కడం అదే మొదలు. పాతవాళ్లు కొందరు గుర్తుపట్టి లేచి చోటిచ్చారు. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి చూస్తూ చిన్నగా ఆ మాటే అనుకుంటూ వచ్చారు.

వదిన గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మనిషి సగమైంది. తమ్ముణ్ణి చూసి లేవబోయి, లేవలేక ఏడ్చింది. ఆయన మంచం పక్కన కూర్చుని ఎడమ చేత్తో ఆవిడ కాలు నిమురుతూ, ఏదో అడుగుతున్నట్టు ఆ మాట అన్నారు.

"నాకు స్తోత్రం చెప్పాలని లేదురా," అంది వదిన. "చిన్నప్పణ్ణుంచీ చాకిరీ చేశాను. ఎవరిదీ కాదనలేదు. దేవుడు నన్నిలా పడేశాడు. ఆయనకూ నాకూ మాటల్లేవిప్పుడు." తర్వాత నా వైపు చూసింది. నేను వాక్యమేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టుంది, కాదనడానికి సిద్ధంగా.

"చెప్పకు వదినా," అన్నాను. "నేనూ చాలా కాలం చెప్పలేదు. దేవుడేం పారిపోలేదు. నీ తమ్ముడు నిన్ను స్తోత్రం చెప్పమనడం లేదులే. నొప్పి ఎక్కడా అని అడుగుతున్నారు."

వదిన తమ్ముడి వైపు తిరిగింది. ఆయన మళ్లీ అడిగారు, అదే రాగంలో. ఆవిడ ఆయన మొహం చూసి, "ఇక్కడరా," అని తుంటి మీద చెయ్యి పెట్టుకుంది. "రాత్రిళ్లు ఎక్కువ. పొద్దుట కాస్త నయం." మొదలుపెట్టాక ఆపలేదు. ఆపరేషన్ గురించి, మంచం మీదే అన్నీ కానివ్వాల్సిన సిగ్గు గురించి, కోడలి చేత చేయించుకోవడం గురించి చెబుతూ పోయింది. ఆయన మధ్యమధ్య ఊఁ కొడుతున్నారు, తనకున్న ఒక్క మాటతోనే. నేను వంటింట్లోకి వెళ్లి కోడలితో పాటు టీ పెట్టాను. గోడ అవతల నుంచి ఇద్దరి గొంతులూ వినిపిస్తున్నాయి. ఒకసారి వదిన నవ్విందేమోననిపించింది, లేక ఏడ్చిందో.

టీ తెస్తే ఆయన గ్లాసు నా చేతిలోంచి లాక్కున్నారు. అక్కకు తనే ఇవ్వాలని. ఎడమ చేతిలో గ్లాసు ఒరిగి దుప్పటి మీద కొంత ఒలికింది. "జాగ్రత్తరా, కాలుతుంది," అని వదిన గ్లాసు అందుకుని, ఒక మోచేతి మీద లేచి, మెల్లగా తాగడం మొదలుపెట్టింది. కోడలు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "నిన్నట్నుంచి ఏమీ ముట్టలేదండి," అని నా చెవిలో అంది.

సాయంత్రం బండికి బయల్దేరుతుంటే వదిన, "మళ్లీ ఎప్పుడొస్తార్రా?" అంది. ఆయన జవాబు చెప్పారు. ఆవిడ నన్ను అర్థం అడగలేదు.